"అ" నొక్కితే స్క్రీన్ మీదకి ఎలా వస్తుంది? పిల్లలకి కంప్యూటర్ భాగాలు ఇలా చెప్పి చూడండి

మూడో తరగతి, నాలుగో తరగతి కంప్యూటర్ పుస్తకం ఏది తెరిచినా మొదటి పాఠంలో ఒక బొమ్మ ఉంటుంది, దానికి నాలుగు బాణాలు, మానిటర్, సీపీయూ, కీబోర్డ్, మౌస్. పిల్లలు ఆ పేర్లు స్పెల్లింగ్‌తో సహా బట్టీ పట్టేస్తారు, పరీక్షలో బొమ్మ గీసి పేర్లు రాస్తారు, ఫుల్ మార్కులు కూడా వచ్చేస్తాయి. ఆ తర్వాత అదే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని "నువ్వాడే కార్ల గేమ్ ఇందులో ఎక్కడుంటుంది?" అని అడగండి, చాలామంది మానిటర్ చూపిస్తారు. కనపడేది అక్కడే కదా మరి. మా అన్నయ్య కూతురైతే చిన్నప్పుడు మానిటర్ బటన్ నొక్కేసి "అత్తా, కంప్యూటర్ ఆపేశా" అని చెప్పి ఆడుకోడానికి వెళ్లిపోయేది, కిందున్న డబ్బా మాత్రం అలా తిరుగుతూనే ఉండేది.

ఇందులో పిల్లల తప్పేం లేదు. మనం పేర్లు చెప్పి వదిలేశాం, ఏ భాగం ఏం పని చేస్తుంది, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఏం వెళ్తుంది అన్నది చెప్పలేదు. ఇది ఇన్‌పుట్, అది అవుట్‌పుట్ అని టేబుల్ వేయించినా పెద్ద తేడా ఉండదు, అది కూడా బట్టీనే. నాకు బాగా పనిచేసిన పద్ధతి ఏంటంటే ఒకే ఒక్క అక్షరాన్ని పట్టుకుని, పిల్ల కీబోర్డ్ మీద నొక్కిన దగ్గర్నుంచి అది స్క్రీన్ మీద కనపడి, తర్వాత సేవ్ అయ్యేదాకా దాని వెనకాలే వెళ్లడం. దారిలో ఏ భాగం ఎదురైతే దాని సంగతి అప్పుడు చెప్పుకోవచ్చు, పేరు దానంతటదే గుర్తుండిపోతుంది.

మొదలుపెట్టే ముందు ఒక చిన్న పరీక్ష చేయించండి. ఏదైనా పాట పెట్టి, పాట నడుస్తుండగా మానిటర్ బటన్ నొక్కమనండి. బొమ్మ పోతుంది, పాట ఆగదు. (స్పీకర్లు విడిగా ఉన్న డెస్క్‌టాప్ అయితేనే ఇది చేయండి, స్పీకర్లు మానిటర్‌లోనే ఉంటే పాట కూడా ఆగిపోయి చెప్పాలనుకున్నదానికి పూర్తిగా ఉల్టా అర్థమవుతుంది.) అప్పుడు పిల్లల మొహం చూడాలి, "మరి పాట ఎక్కణ్ణుంచి వస్తోంది?" అని వాళ్లే అడుగుతారు, ఇంక మనం పాఠం అని పేరు పెట్టి చెప్పక్కర్లేదు, వాళ్లే డబ్బా వైపు తిరుగుతారు. ఆ డబ్బా కేబినెట్. పుస్తకాల్లో దానికే సీపీయూ అని బాణం గీసి ఉంటుంది గానీ, అసలు సీపీయూ లోపల ఫ్యాన్ కింద దాక్కున్న చిన్న చదరపు ముక్క, దాని దగ్గరకి తర్వాత వద్దాం.

ఇప్పుడు కీబోర్డ్. పాడైపోయిన కీబోర్డ్ ఒకటి ఉంటే విప్పి చూపించండి, చాలా తేలిక, వెనక స్క్రూలు తీస్తే చాలు. మీటల కింద మెత్తటి రబ్బరు షీటు, దాని కింద పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీట్లు, వాటి మీద సన్నటి గీతలు ఉంటాయి. కొన్ని గీతలు అడ్డంగా, కొన్ని నిలువుగా పోతున్నట్టు లెక్క. మనం మీట నొక్కినప్పుడు ఒక అడ్డ గీత, ఒక నిలువు గీత ఒకదానికొకటి తగులుతాయి, అంతే. ఒక మూల చిన్న బోర్డు మీద చిప్పు ఉంటుంది, అది ఏ గీతకి ఏ గీత తగిలిందో చూస్తూ కూర్చుంటుంది. దానికి అక్షరాలు రావు, తెలుగు రాదు, ఇంగ్లీషూ రాదు, "ఫలానా నంబరు మీట నొక్కారు" అని మాత్రమే కేబుల్లోంచి పంపిస్తుంది. మామూలు యూఎస్‌బీ కీబోర్డ్‌ని కంప్యూటరే సెకనుకి దాదాపు వంద సార్లు "ఏమైనా నొక్కారా" అని అడుగుతూ ఉంటుంది, మనం నొక్కిన వార్త ఆ అడిగినప్పుడు వెళ్తుంది.

ఇక్కడ పిల్లలకి భలే మజా వచ్చే విషయం ఒకటుంది. విండోస్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ (మన భాషలకి ఏ మీట ఏ అక్షరమో చెప్పే అమరిక) ఆన్ చేసి, డి అని రాసున్న మీటని షిఫ్ట్‌తో కలిపి నొక్కమనండి, "అ" పడుతుంది. మీట మీద ఉన్నది డి, కీబోర్డ్ పంపించింది కూడా ఎప్పుడూ పంపించే ఆ నంబరే, మరి "అ" ఎక్కణ్ణుంచి వచ్చింది? దాన్ని "అ" గా మార్చింది లోపల నడుస్తున్న సాఫ్ట్‌వేర్. చేత్తో పట్టుకోగలిగేది హార్డ్‌వేర్, పట్టుకోలేనిది సాఫ్ట్‌వేర్ అని డెఫినిషన్ చెప్పేకంటే ఈ ఒక్క మీట చూపిస్తే ఆ తేడా పిల్లల చేతికే తగులుతుంది.

అయితే సాఫ్ట్‌వేర్ కూడా "అ" ని అక్షరంగా దాచుకోదు. ప్రపంచంలో అన్ని లిపులకీ యూనికోడ్ అని ఒక పెద్ద పట్టిక ఉంది, అందులో ప్రతి అక్షరానికీ ఒక నంబరు, తెలుగు అక్షరాలు 3072 నుంచి మొదలవుతాయి, మన "అ" 3077. ఇంగ్లీషు పెద్ద "ఏ" కి 65. పిల్లలకి వాళ్ల పేరు నంబర్లలో రాసిస్తే ఆ కాగితం దాచుకుంటారు, నిజంగా. "రవి" అనుకోండి, ర అంటే 3120, వ అంటే 3125, గుడి ఒక్కదానికే విడిగా 3135. అంటే మనకి రెండక్షరాలుగా కనపడేది కంప్యూటర్‌కి మూడు నంబర్లు. ఆ నంబర్లని కూడా అది 0, 1 లుగానే పట్టుకుంటుంది, కరెంటు ఉందా లేదా అన్న రెండు స్థితులే దానికి తెలుసు కాబట్టి. 3077 ని అలా రాస్తే 110000000101. ఐదో తరగతి దాటినవాళ్లకి 2048, 1024, 4, 1 ఈ నాలుగూ కూడితే 3077 వస్తుందని చూపించొచ్చు, చిన్నవాళ్లకి ఈ భాగం వదిలేయండి, నంబరు అని చెప్తే సరిపోతుంది.

మౌస్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, తిరగేసి చూపిస్తే చాలు. అడుగున ఎర్ర లైటు, పక్కన చిన్న కంత, ఆ కంతలో నిజంగానే ఒక బుల్లి కెమెరా ఉంటుంది. టేబుల్ ఉపరితలాన్ని సెకనుకి వెయ్యికి పైగా ఫోటోలు తీసి, ముందు ఫోటోకి తర్వాత ఫోటోకి మధ్య ఎంత జరిగిందో లెక్కేస్తుంది. గాజు మీద పెడితే చాలా మౌస్‌లు పనిచేయవు, గాజులో దానికి గుర్తుపట్టడానికి గరుకుతనం ఏమీ కనపడదు కాబట్టి. పిల్లలు ఇది టెస్ట్ చేసి తీరతారు. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 లో అమెరికాలో జనం ముందు మౌస్ చూపించాడు, వాళ్లు తయారుచేసిన మొట్టమొదటి నమూనా చెక్కతో చేసింది, కింద కెమెరా కాదు, రెండు చక్రాలు.

సరే, మన అక్షరం దగ్గరకి వద్దాం. కీబోర్డ్ పంపిన నంబరు యూఎస్‌బీ కేబుల్లోంచి కేబినెట్ వెనక్కి చేరింది. కేబినెట్ వెనక్కి తిప్పి అక్కడున్న కంతలన్నీ పిల్లల్నే పరిశీలించమనండి. యూఎస్‌బీ దీర్ఘచతురస్రంగా, హెచ్‌డీఎంఐ కింద మూలలు తగ్గి, పాత మానిటర్లకి పెట్టే నీలం రంగు వీజీఏలో మూడు వరసల్లో 15 కంతలు, స్పీకర్‌కి ఆకుపచ్చ, మైక్‌కి గులాబీ. స్పీకర్, మైక్ కంతలు ఒకేలా ఉంటాయి, అవి తప్ప ఒకదాని కేబుల్ ఇంకోదాంట్లోకి దూరదు, అలా కావాలనే చేశారు. 1996 లో యూఎస్‌బీ రాకముందు ఇంకా చాలా రకాలుండేవి, కీబోర్డ్‌కి ఒకటి, మౌస్‌కి ఒకటి, ప్రింటర్‌కి ఇంత పొడుగుది ఒకటి. అన్నిటికీ ఒకే కంత ఉండాలని పట్టుబట్టి దాన్ని సాధించినవాళ్లలో ఇంటెల్‌లో పనిచేసిన అజయ్ భట్ ముఖ్యుడు, బరోడాలో చదువుకున్న మన దేశం మనిషే.

ఇప్పుడు పక్క రేకు తీద్దాం. తీసేముందు పవర్ కేబుల్ గోడ సాకెట్ నుంచి పూర్తిగా పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు. తర్వాత పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు కొంత పోతుంది. ఏ భాగాన్నైనా ముట్టుకునేముందు కేబినెట్ ఇనప రేకుని చేత్తో తాకమనండి, మన ఒంట్లో పేరుకున్న స్టాటిక్ కరెంటు చిప్పులని పాడుచేయగలదు. ఈ పని రోజూ వాడే కంప్యూటర్ మీద చేయొద్దు, మూల పడేసిన పాతది ఏదైనా దొరికితే అదే మంచిది. దుమ్ము బాగా ఉంటుంది, ఆస్తమా ఉన్న పిల్లలుంటే ముందే బయట దులిపి తీసుకురండి.

లోపల అడుగంతా పరుచుకుని కనపడే పెద్ద బోర్డు మదర్‌బోర్డ్. దాని మీద వెంట్రుకల్లా కనపడే గీతలన్నీ రాగి దారులు. ఏ భాగం ఏ భాగంతో మాట్లాడాలన్నా ఈ దారుల్లోంచే. పిల్లల్ని ఒక యూఎస్‌బీ కంత దగ్గర వేలు పెట్టి ఆ గీత ఎటు పోతుందో కనుక్కోమంటే కాసేపు అదే పని మీద ఉంటారు, చివరిదాకా పోలేరు, ఎందుకంటే గీతలు బోర్డు పైన మాత్రమే కాదు, మధ్య పొరల్లో కూడా ఉంటాయి. ఒక మూల గుండ్రటి వెండి రంగు బిళ్ల బ్యాటరీ ఉంటుంది, మూడు వోల్టులది, కంప్యూటర్ ఆపేసినా టైము, తేదీ నడిచేది దానివల్లే. మీ పాత డెస్క్‌టాప్ ఆన్ చేసినప్పుడల్లా ఎప్పటిదో తేదీ చూపిస్తుంటే ఆ బిళ్ల అయిపోయిందని అర్థం. దాన్ని మీరు తీసి మీ జేబులోనే పెట్టుకోండి, చిన్న పిల్లలు మింగితే గంటల్లోనే గొంతులో లోపల కాలిపోయి ప్రాణం మీదకి వస్తుంది, ఇది భయపెట్టడానికి చెప్తున్నది కాదు.

ఫ్యాన్, దాని కింద రెక్కలు రెక్కలుగా ఉండే అల్యూమినియం ముక్క, ఇవి విప్పితే బూడిద రంగు పేస్ట్ అంటుకుని ఒక చదరపు ముక్క కనపడుతుంది, అదీ సీపీయూ. ఇంత పెద్ద డబ్బాలో అసలు పని చేసేది ఇదేనా అని పిల్లలు నమ్మరు. దీన్ని "కంప్యూటర్ మెదడు" అని చెప్పడం అందరికీ అలవాటు, నాకు మాత్రం ఆ మాట ఇష్టం లేదు, ఎందుకంటే మెదడు అనగానే ఇది ఆలోచిస్తుంది, అన్నీ ఇదే గుర్తుపెట్టుకుంటుంది అనుకుంటారు, ఆ రెండూ తప్పే. ఇది చేసేవి చాలా చిన్న పనులు, రెండు నంబర్లు కూడటం, రెండిట్లో ఏది పెద్దదో చూడటం, ఇక్కడి నంబరు తీసి అక్కడ పెట్టడం, ఇలాంటివే. మన "అ" విషయంలో కూడా, ఈ మీట నంబరు వచ్చిందా, షిఫ్ట్ నొక్కి ఉందా, ఉంటే పట్టికలో ఫలానా చోట ఉన్న నంబరు తీసుకో, అంతే, అర్థం చేసుకోవడం ఏం లేదు. గొప్పతనమంతా వేగంలో ఉంది. 3 గిగాహెర్ట్జ్ అని డబ్బా మీద రాస్తారు కదా, అంటే దాని గడియారం సెకనుకి 300 కోట్ల సార్లు టిక్కుమంటుంది. వెలుగు సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పోతుంది, అలాంటిది ఈ ఒక్క టిక్కులో అది పోగలిగేది 10 సెంటీమీటర్లే, పిల్లాడి అరచేయంత. ర్యామ్‌ని (పని జరుగుతున్నంతసేపు నంబర్లు పెట్టుకునే చోటు, దాని సంగతి కాసేపట్లో) సీపీయూకి అంత దగ్గరగా ఎందుకు పెట్టారో ఇప్పుడు పిల్లలే చెప్పగలరు, దూరం ఉంటే వార్త చేరేలోపే ఎన్నో టిక్కులు అయిపోతాయి.

1971 లో ఇంటెల్ తెచ్చిన 4004 అనే చిప్పులో 2300 ట్రాన్సిస్టర్లు, అంటే 2300 బుల్లి స్విచ్‌లు. 2020 లో వచ్చిన యాపిల్ ఎం1 లో 1600 కోట్లు. 4004 రాకముందు సీపీయూ అంటే ఒక్క చిప్పు కాదు, రకరకాల ముక్కలు గుచ్చిన బోర్డులు కొన్ని కలిస్తేనే సీపీయూ అయ్యేది. మన హైదరాబాద్‌లో ఆ రోజులు చూసిన సంస్థ ఈసీఐఎల్, అంటే ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా. 1967 లో మొదలైంది, దాన్ని నిలబెట్టింది ఏ.ఎస్. రావు గారు, ఏఎస్ రావు నగర్ ఆయన పేరు మీదదే. వాళ్లు టీడీసీ పేరుతో కంప్యూటర్లు ఇక్కడే తయారుచేశారు. ఆ చుట్టుపక్కల ఉండే పిల్లలకి ఈ ముక్క తప్పకుండా చెప్పాలనిపిస్తుంది నాకు, రోజూ ఆ పేర్లున్న సైన్‌బోర్డుల ముందు నుంచే స్కూల్ బస్సులో వెళ్తుంటారు.

అన్ని స్విచ్‌లు అంత వేగంగా తిరగబడుతుంటే వేడి పుడుతుంది, డెస్క్‌టాప్ సీపీయూలు మామూలుగా 65 వాట్లు, కొన్నైతే అంతకంటే ఎక్కువ వేడి వదులుతుంటాయి. ఆ రెక్కలు, ఫ్యాన్, పేస్ట్ అన్నీ ఆ వేడి లాగేయడానికే. లాప్‌టాప్ పరుపు మీద పెట్టుకుని ఆడితే ఎందుకు స్లో అయిపోతుందో ఇక్కడ చెప్పేయొచ్చు, అడుగునున్న గాలి కంతలు దుప్పటితో మూసుకుపోతాయి, వేడి పెరుగుతుంది, చిప్పు కాలిపోకుండా తన వేగం తనే తగ్గించుకుంటుంది. "పరుపు మీద పెట్టొద్దు" అని నెలల తరబడి అరిచేదానికంటే ఇది బాగా పనిచేస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కుముడి. పిల్లలకే కాదు, ఫోన్ కొనడానికి వెళ్లిన పెద్దవాళ్లకి కూడా ముడిపడేది ఇక్కడే, 8 జీబీ, 128 జీబీ అని రెండు నంబర్లు ఎందుకు, రెండూ మెమరీయే కదా అని. మన "అ" తాలూకు 3077 ఇప్పుడు ఎక్కడో ఒక చోట ఉండాలి కదా, అది ర్యామ్‌లో ఉంది. ర్యామ్ పలక అనుకోండి, స్టోరేజ్ నోట్‌బుక్. లెక్క చేసేటప్పుడు పలక మీద టకటకా రాస్తాం, చెరిపేస్తాం, మళ్లీ రాస్తాం, పలక చిన్నది కాబట్టి నిండిపోతే ఏదో ఒకటి చెరపాల్సిందే. దాచుకోవాలనుకున్నది మాత్రం నోట్‌బుక్‌లో ఎక్కించుకుంటాం, అది నిదానం కానీ రేపు తెరిచినా ఉంటుంది. కంప్యూటర్ ఆపేయడం అంటే పలక తుడిచేయడం. సేవ్ కొట్టడం అంటే పలక మీదున్నది నోట్‌బుక్‌లో ఎక్కించడం. ఈ ఒక్క పోలిక పిల్లలకి సరిగ్గా ఎక్కితే, ఎన్నో యాప్‌లు ఒకేసారి తెరిస్తే ఫోన్ ఎందుకు నత్తలా నడుస్తుందో, "స్టోరేజ్ ఫుల్" అని వస్తే యాప్‌లు మూసేయడం కాదు ఫోటోలో వీడియోలో తీసేయాలి అని ఎందుకంటామో వాళ్లే విడమర్చి చెప్తారు.

ర్యామ్ ఎందుకు మరిచిపోతుందో కూడా చెప్పొచ్చు, దాచాల్సిన పనేం లేదు. అందులో ఒక్కో 0 కి, 1 కి ఒక్కో బుల్లి కెపాసిటర్, అంటే ఛార్జ్ పట్టుకునే తొట్టి లాంటిది, ఉంటుంది, ఛార్జ్ ఉంటే 1, లేకపోతే 0. ఆ ఛార్జ్ నిలవదు, కారిపోతూ ఉంటుంది, అందుకే కంప్యూటర్ 64 మిల్లీసెకన్లకోసారి, అంటే సెకనుకి పదిహేను సార్లకి పైగా, అన్నిటినీ చదివి మళ్లీ నింపుతూ ఉంటుంది. కరెంటు పోయిందంటే నింపేవాళ్లు లేరు, అన్నీ పోతాయి. ఇది చూపించాలంటే పాత డెస్క్‌టాప్‌లో నోట్‌ప్యాడ్ తెరిచి పిల్ల పేరు టైప్ చేయించి, సేవ్ చేయకుండా ఆపేసి మళ్లీ ఆన్ చేయండి, పేరు ఉండదు. విండోస్ 11 లో మాత్రం ఇది చేయకండి, అందులో కొత్త నోట్‌ప్యాడ్ సేవ్ చేయనిది కూడా తనే స్టోరేజ్‌లో దాచేసుకుంటుంది, పిల్లలు గందరగోళపడతారు.

స్పీడ్ తేడా ఎంతో లెక్కలో చెప్తే ఇంకా గట్టిగా తగులుతుంది. ర్యామ్ నుంచి ఒక నంబరు తేవడానికి సుమారు 100 నానోసెకన్లు పడితే, పాత కంప్యూటర్లలో స్టోరేజ్‌గా ఉండే, లోపల పళ్లెం తిరిగే హార్డ్ డిస్క్ నుంచి తేవడానికి సుమారు 10 మిల్లీసెకన్లు. లక్ష రెట్లు. ర్యామ్ నుంచి తేవడానికి ఒక సెకను పట్టిందని అనుకుంటే, అదే లెక్కలో హార్డ్ డిస్క్‌కి 28 గంటలు పడుతుంది. పాత కంప్యూటర్లు ఆన్ అవడానికి అంత సేపు ఎందుకు పట్టేదో, అదే కంప్యూటర్‌కి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే లేచి పరిగెత్తినట్టు ఎందుకు అనిపిస్తుందో దీంతో తెలిసిపోతుంది, ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేం లేదు, పెన్‌డ్రైవ్‌లో ఉండేలాంటి ఫ్లాష్ చిప్పులే.

పాడైపోయిన హార్డ్ డిస్క్ దొరికితే మాత్రం వదలొద్దు, దాన్ని మించిన బొమ్మ లేదు. మూత తీస్తే మొహం కనపడేంత మెరిసే పళ్లెం, దాని మీద వాలి ఉన్న సన్నటి చెయ్యి. ఆ పళ్లెం నిమిషానికి 7200 సార్లు, అంటే సెకనుకి 120 సార్లు తిరుగుతుండగా ఆ చెయ్యి దాన్ని తాకకుండా అతి సన్నటి గాలి పొర మీద తేలుతూ చదువుతుంది. డెస్క్‌టాప్‌దే విప్పండి, లాప్‌టాప్‌వి చిన్నవి, వాటిలో పళ్లెం చాలాసార్లు గాజుది ఉంటుంది, పగిలితే సూదుల్లా చెల్లాచెదురవుతుంది. లోపల అయస్కాంతాలు రెండు మాత్రం జాగ్రత్త, వేలు మధ్యలో పడితే నలిగిపోతుంది. 1956 లో ఐబీఎం తెచ్చిన మొట్టమొదటి హార్డ్ డిస్క్‌లో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి, అన్నీ కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇప్పుడు మన ఫోన్‌లో తీసే ఫోటో ఒక్కటే దాదాపు అంత ఉంటుంది.

ఇక అక్షరం స్క్రీన్ ఎక్కాలి. ర్యామ్‌లో ఉన్నది 3077 అన్న నంబరే, దానికి రూపం లేదు. "అ" అంటే ఏ వంపు ఎలా ఉండాలో ఫాంట్ ఫైల్‌లో ఉంటుంది, ఫాంట్ మారిస్తే అక్షరం తీరు మారేది అందుకే, నంబరు మాత్రం మారదు. ఆ వంపుని బట్టి స్క్రీన్ మీద ఏ చుక్క నల్లగా, ఏ చుక్క తెల్లగా ఉండాలో గ్రాఫిక్స్ చిప్పు లెక్కేసి మానిటర్‌కి పంపుతుంది. మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు, గుణిస్తే 20,73,600. ఒక్కో చుక్కలో మళ్లీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు. ఈ మొత్తం బొమ్మని సెకనుకి 60 సార్లు కొత్తగా గీస్తారు, ఏమీ మారకపోయినా సరే.

ఈ మూడు రంగులు కంటితో చూడొచ్చు. ఫోన్‌లో తెల్ల పేజీ తెరిచి, తడి వేలితో ఒకే ఒక్క చిన్న నీటి చుక్క స్క్రీన్ మీద పెట్టండి, ఆవగింజ కంటే చిన్నది, దాంట్లోకి దగ్గరగా చూస్తే తెలుపు ఉండదు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలో చుక్కలో మెరుస్తుంటాయి. ఇప్పుడు పసుపు రంగు బొమ్మ తెరిచి మళ్లీ చూడమనండి. అందులో పసుపు అన్నదే లేదు, ఎరుపు, ఆకుపచ్చ మాత్రమే వెలుగుతున్నాయి, మన కన్ను వాటిని కలిపి పసుపు అనుకుంటోంది. రంగులు కలిపే డ్రాయింగ్ క్లాసులో ఎరుపు, ఆకుపచ్చ కలిపితే మట్టి రంగు వచ్చింది కదా అని పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. అక్కడ రంగు వెలుగుని మింగేస్తుంది, ఇక్కడ వెలుగుకి వెలుగు తోడవుతుంది, అదీ తేడా.

ఇన్ని జరగడానికి కావలసిన కరెంటు ఇచ్చేది ఎస్‌ఎంపీఎస్, కేబినెట్ వెనక పక్క ఫ్యాన్ ఉన్న ఇనప డబ్బా, అందులోంచి రంగురంగుల వైర్ల గుత్తి బయటకి వస్తుంది. మన ఇంటి ప్లగ్గులో వచ్చేది 230 వోల్టులు, చిప్పులకి అది తగిలితే బూడిదే. దీన్ని 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి ఇస్తుంది, పసుపు వైరు 12, ఎరుపు 5, నారింజ 3.3. ఈ ఒక్క డబ్బా మాత్రం విప్పొద్దు, కేబుల్ పీకేసినా సరే, లోపల పెద్ద కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉండిపోతుంది. అలాగే పాత లావు గాజు మానిటర్లు, సీఆర్‌టీలు, వాటి జోలికి అసలు పోవద్దు, లోపల వేల వోల్టులు ఉంటాయి. విప్పిన బోర్డులు, బ్యాటరీలు చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి, రాగి కోసం వాటిని కాల్చితే వచ్చే పొగ పీల్చేది మన వీధి పిల్లలే.

తిరిగి బిగించాక ఒక్కోసారి ఆన్ అవదు, బీప్ బీప్ అని అరుస్తుంది. కంగారు పడకండి, ఎక్కువసార్లు ర్యామ్ సరిగ్గా కూర్చోక. పవర్ బటన్ నొక్కగానే సీపీయూ మదర్‌బోర్డ్ మీద ఒక చిన్న చిప్పులో ఉన్న ప్రోగ్రామ్ చదవడం మొదలుపెడుతుంది, అది ముందు ర్యామ్ ఉందా, కీబోర్డ్ ఉందా అని హాజరు తీసుకుంటుంది, ర్యామ్ పలకకపోతే స్క్రీన్ మీద రాసే దిక్కు కూడా ఉండదు కాబట్టి అరుస్తుంది. రిపేర్ షాపుల్లో అబ్బాయిలు ర్యామ్ తీసి, బంగారు రంగు పళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి ఊదేసి మళ్లీ గుచ్చడం చూసే ఉంటారు, మన ఊళ్లలో సగం రిపేర్లు అక్కడే అయిపోతాయి. అది నిజంగా బంగారం పూతే, చాలా పలచన, గట్టిగా రుద్దితే ఊడిపోతుంది. ఈ పని పిల్లల చేత చేయించండి, క్లిప్పులు టక్కుమని పడి, ఆన్ చేస్తే బీప్ రాకుండా స్క్రీన్ వెలిగితే ఆ పిల్లలకి ర్యామ్ గురించి ఇంకెవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ఇంట్లో డెస్క్‌టాప్ లేకపోతే ఇదంతా కుదరదా అంటే, ఫోన్‌తోనే చాలావరకు కుదురుతుంది. సీపీయూ, గ్రాఫిక్స్ రెండూ ఒకే చిప్పులోకి వెళ్లిపోయాయి, ర్యామ్ దాని పక్కనో పైనో అతుక్కుని ఉంటుంది, స్టోరేజ్ ఉంది, కరెంటు ఇచ్చే బ్యాటరీ ఉంది. కీబోర్డ్ మాత్రం స్క్రీన్ మీద బొమ్మ అయిపోయింది. ఇక్కడే పిల్లల్ని అడగండి, ఫోన్ స్క్రీన్ ఇన్‌పుట్టా, అవుట్‌పుట్టా? వేలు ఎక్కడ తగిలిందో చెప్పే పారదర్శకమైన పొర పైన, వెలిగే చుక్కల పొర కింద, రెండు వేరువేరు పరికరాలు ఒకదాని మీద ఒకటి అతికించారు. స్క్రీన్ పగిలినప్పుడు ఒక్కోసారి బొమ్మ బాగానే కనపడుతుంది గానీ టచ్ పనిచేయదు, ఇంట్లో ఎవరి ఫోనో ఒకరిది అలా అయ్యే ఉంటుంది, అదే దీనికి సాక్ష్యం.

చివరికి తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది, "అత్తా, గేమ్ ఫోన్‌లోనే ఉంది అన్నావ్, మరి వైఫై ఆపేస్తే ఎందుకు ఆడట్లేదు?" మా ఇంట్లోనూ వచ్చింది. కొన్ని గేమ్‌లు పూర్తిగా ఫోన్ స్టోరేజ్‌లో ఉంటాయి, అవి నెట్ లేకపోయినా ఆడతాయి. కొన్నిటిలో సగం పని ఎక్కడో దూరంగా డేటా సెంటర్‌లో ఉన్న సర్వర్ చేస్తుంది, ఎవరు ఎక్కడున్నారు, ఎవరికి ఎన్ని పాయింట్లు అన్నది దాని ర్యామ్‌లో, దాని స్టోరేజ్‌లో ఉంటుంది. ఆ సర్వర్‌లో కూడా ఇవే భాగాలు, మదర్‌బోర్డ్, సీపీయూ, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు, పవర్ సప్లై. కానీ దానికి మానిటర్ తగిలించి ఉండదు, కీబోర్డ్ ఉండదు, మౌస్ ఉండదు, దానికి వచ్చే ఇన్‌పుట్, అది పంపే అవుట్‌పుట్ అంతా వెనకున్న నెట్‌వర్క్ కేబుల్లోంచే.